కరువు రాత్రుల్లో జుట్టుపోలిగాడు

వానలు మొహం చాటేసిన ఏడు విరాటపర్వం చదివిస్తే మబ్బు కదులుతుందని తెలుగు పల్లెల నమ్మకం. రాయలసీమలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న కన్నడ జిల్లాల్లోనూ ఆ పర్వాన్ని తోలుబొమ్మలతో ఆడించేవారు కూడా. గాదెలు అడుగంటినవాళ్ళు ఆటకోసం గింజలు కొలవడమేమిటని ఇవాళ మనకు అనిపించవచ్చు. వానకోసం అన్నది సగం జవాబే. తెల్లవార్లూ ఆ తెర ముందు కూచున్న జనం పాండవుల కష్టాలకు కళ్ళొత్తుకున్నారు. ఆ వెంటనే హాస్యగాడి బొమ్మ జుట్టుపోలిగాడు ఊడిపడి తమ కష్టాల గురించే మాట్లాడితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. బొమ్మల అందం గురించి మనం చాలానే రాసుకున్నాం. ఆ నవ్వు వెనక ఉన్న పనితనం గురించి తక్కువ రాశాం.

ఈ ఆటను బతికించుకొచ్చిన కుటుంబాలు ఇంట్లో మరాఠీ యాసలో మాట్లాడుకుంటాయి, తెర వెనక తెలుగులోనో కన్నడంలోనో పాడతాయి. బీదర్ జిల్లా భాల్కీ తాలూకాలోని ఖటక్ చించోళి లాంటి ఊరివాళ్ళకు ఇది వింతగా తోచదు. ఆ ప్రాంతంలో కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో నడుస్తాయి, జిల్లా తూర్పు సరిహద్దు దాటితే తెలుగు. 1956 దాకా అదంతా హైదరాబాదు రాష్ట్రమే. కన్నడసీమలో ఈ ఆటను తొగలు గొంబెయాట అంటారు. అక్కడి హాస్యగాడు కిళ్ళేక్యాత, అతని పెళ్ళాం బంగారక్క. ఆడించే కులాన్ని కూడా జనం కిళ్ళేక్యాతలనే పిలిచారు. రాముణ్ణీ అర్జునుణ్ణీ ఆడించేవాళ్ళకు హాస్యగాడి పేరు స్థిరపడిందంటే, జనం ఎవరికోసం కాచుకుని కూచున్నారో వేరే చెప్పక్కర్లేదు.

బొమ్మ తయారీ ఓపికతో కూడిన పని. మేకతోలును నానబెట్టి, బొచ్చు గీకి, బిగలాగి ఎండబెడితే పలచబడి దీపం వెలుగును తనలోంచి పోనిస్తుంది. దానిమీద గీత గీసి ఒక్కో అవయవాన్నీ విడిగా కత్తిరిస్తారు. ఆ తర్వాత నగలు. తోలుబొమ్మకు నగలు పెట్టేది రంగు కాదు, ఉలి. చుక్కలా, నెలవంకలా, పూరేకులా కొట్టిన చిల్లుల్లోంచి వెలుగు దూకితే అదే కిరీటం, అదే వడ్డాణం. రంగు రెండువైపులా పూస్తారు. భుజం దగ్గరా మోచేతి దగ్గరా తాడు ముడి వేసి అతుకుతారు. నిలువునా చీల్చిన బద్ద మధ్య బొమ్మను బిగించి, చేతులకు వేరే పుల్లలు తగిలిస్తారు. మన దేశంలో నీడబొమ్మలు చాలాచోట్ల ఉన్నా, మనిషెత్తుకు దగ్గరగా వచ్చే బొమ్మలను ఆడించింది తెలుగువాళ్ళు.

తెర అంటే తెల్లని బట్ట, దాని వెనక ఒకప్పుడు ఆముదం దీపాలు, ఇప్పుడు కరెంటు బల్బు. తమ వంతు కోసం ఆగిన బొమ్మలను ముళ్ళతో తెరకే గుచ్చి నిలబెడతారు. బొమ్మను బట్టకు ఆనిస్తే చిల్లు చిల్లూ లెక్కపెట్టవచ్చు. దీపం వైపు జరిపితే అంచులు చెదిరి, మసకబారి పెద్దదవుతుంది. ఇక దెబ్బ. నీడకు బరువు లేదు, ఒక నీడ ఇంకో నీడను కొడితే చూసేవాడికి ఏమీ తగలదు. అందుకే ఆడించేవాడి కాలికింద చెక్కపలక ఉంటుంది. భీముడి గద దిగిన క్షణానికే అతని మడమ పలక మీద పడుతుంది, ఆ చప్పుడుతో దెబ్బకు బరువొస్తుంది. ఒక చేత్తో బొమ్మ, ఇంకో చేత్తో పుల్ల, నోట్లో పాట, కాలికింద తాళం: అన్నీ ఒకే మనిషివి.

దేవుళ్ళూ రాజులూ పద్యంలో మాట్లాడతారు; రామాయణమైతే రంగనాథ రామాయణం ద్విపద అండగా ఉంటుంది. జుట్టుపోలిగాడికి ఏ కావ్యం అండా లేదు. పిలక, బానపొట్ట, దేవుళ్ళ బొమ్మలకంటే చిన్న ఆకారం, ఊరి యాస. పక్కన బంగారక్క, వెనకాలే కేతిగాడు, గాంధోళిగాడు. కథలో వీళ్ళకు చోటు లేదు, కథ నడిచే కాలంతో పనీ లేదు. విరాటుడి కొలువు ముగిసీ ముగియకముందే పోలిగాడొచ్చి నిన్నటి సంతలో జొన్నల ధర ఎత్తుకోగలడు, అప్పిచ్చినవాణ్ణి ఆడిపోసుకోగలడు, ముందువరసలో కూచున్న పెద్దమనిషిని ఓ మాట అనగలడు. ఊరు మారితే మాటలు మారతాయి. ఇంటి పోరు రూపంలో కరువు తెర మీదికి వస్తుంది: పొయ్యి వెలగలేదని పెళ్ళాం, పని దొరకలేదని మొగుడు. ఆ పోరులో బూతు కూడా ఉంటుంది, దాన్ని దాచి రాయడం ఈ కళకు మర్యాద చేయడం కాదు.

విరాటపర్వాన్నే ఎందుకు ఎంచుకున్నారన్నది ఇక్కడ ఆలోచించాలి. రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజు కంకుభట్టై కొలువు చేస్తాడు, భీముడు వంటవాడు, నకుల సహదేవులు గుర్రాలకూ ఆవులకూ కాపరులు, ద్రౌపది ఇంకొకరికి జడలల్లే సైరంధ్రి. పేరు దాచుకుని పరాయి ఊళ్ళో చాకిరీ చేసే రాజులు వీళ్ళు. 1876-78 నాటి ధాత కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పటి అనంతపురం అప్పటికి బళ్ళారిలో భాగం. 1877లో సర్కారు కరువు పనుల దగ్గర మగకూలీకి రోజుకు దక్కింది ఒక అణా, 450 గ్రాముల ధాన్యం. నాలుగెకరాల ఆసామి తట్ట ఎత్తాల్సి వచ్చిన ఆ సీమలో, వంటశాలలో గరిటె తిప్పే భీముణ్ణి చూడటం ఎలాంటి అనుభవమో పండితులు చెప్పక్కర్లేదు. అదే బట్ట మీద, అదే దీపం వెలుగులో, పక్కనే పోలిగాడు. రాజు దుఃఖం పద్యమైంది, ఆసామి దుఃఖం నవ్వైంది. రెండూ ఒకే రాత్రిలో ఇమిడాయి.

సముద్రాల అవతల ఇంకో తెర ఇదే పని చేసింది. 1933 నాటికి అమెరికాలో నలుగురు పనివాళ్ళలో ఒకరికి పని లేదు. ఆ మే నెలలో డిస్నీ స్టూడియో ఎనిమిది నిమిషాల ‘త్రీ లిటిల్ పిగ్స్’ విడుదల చేసింది. గుమ్మం దగ్గర తోడేలు, ఇటుకల ఇల్లు కట్టుకున్న పందిపిల్ల, తోడేలంటే భయమెవరికని ఒక పాట. ఫ్రాంక్ చర్చిల్ కట్టిన ఆ పాట దేశమంతా పాకింది. ఆ తోడేలును జనం తమ గుమ్మం ముందున్న ఆకలిగానే చూశారు. పనితనం మాట చెప్పాలంటే ఆ మూడు పందిపిల్లల ఆకారం దాదాపు ఒకటే. ఫ్రెడ్ మూర్ లాంటి చిత్రకారులు నడకలో, నిలబడే తీరులో తేడా చూపి మూడు స్వభావాలు పుట్టించారు. 1936 నాటి ‘మూవింగ్ డే’లో మిక్కీ, డొనాల్డ్ అద్దె బాకీ పడితే సామాను వేలం వేయడానికి షెరీఫ్ పీట్ వస్తాడు, వచ్చీ రాగానే డొనాల్డ్ ముక్కుమీద అగ్గిపుల్ల గీసుకుంటాడు. అధికారం పేదవాడి ఒంటిని ఎలా వాడుకుంటుందో ఆ ఒక్క గీతలో ఉంది. అంతకు ముందటి కార్టూను బొమ్మలకు మోచేతులూ మోకాళ్ళూ ఉండేవి కావు, రబ్బరు గొట్టాల్లా సాగేవి. ఎంత కొట్టినా విరగని ఒళ్ళు అది. చప్పుడును కదలికకు కుట్టేసే విద్యను మిక్కీ 1928లోనే ‘స్టీమ్‌బోట్ విల్లీ’లో చూపించాడు. మనవాడి మడమకింది పలక ఎన్నో తరాలుగా చేస్తున్న పని అదే.

పోలికకు హద్దుంది. ఫిల్ము మీది బొమ్మ ఏ ఊళ్ళో వేసినా అదే మాట చెబుతుంది. ‘త్రీ లిటిల్ పిగ్స్’లో యూదు వ్యాపారిని ఎగతాళి చేసిన ఘట్టాన్ని మార్చడానికి 1948 దాకా పట్టింది. పోలిగాడు మాట జారితే ఆ రాత్రే జనం అడ్డుకుంటారు, మర్నాడు ఇంకో ఊళ్ళో ఇంకో మాట. ఎదుటివాళ్ళ కష్టం పసిగట్టి అప్పటికప్పుడు మాట పుట్టించడం, నా దృష్టిలో, ఉలి పనికంటే కష్టమైన విద్య.

కష్టకాలం చివరికి ఆటగాళ్ళ ఇంటికే వచ్చింది. 1932లో భక్త ప్రహ్లాదతో తెలుగు తెర మాట్లాడటం మొదలుపెట్టింది. తర్వాత టూరింగ్ టాకీసులు, తర్వాత టీవీ. రాత్రంతా ఆడే ఆటను పిలిపించే ఊళ్ళు తగ్గిపోయాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ చేతులే అదే తోలుతో దీపాల గొడుగులు, గోడ బొమ్మలు చేయడం మొదలుపెట్టాయి. 2008లో ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2020లో నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ. దీపం గొడుగు కొన్నవాళ్ళను నేను తప్పు పట్టను, ఆ కొనుగోలు వల్ల ఇళ్ళలో పొయ్యి వెలిగింది, పిల్లలకు ఉలి పట్టడం వచ్చింది.

కానీ గొడుగు మీద రాముడుంటాడు, కృష్ణుడుంటాడు, నెమలి ఉంటుంది. పోలిగాడు ఉన్నా మాట్లాడడు. ఉత్సవ వేదికల మీద గంటకు కుదించిన ప్రదర్శనలో లంకాదహనం నిలుస్తుంది, హాస్యగాళ్ళ భాగం కుంచించుకుపోతుంది. నేర్పేవాళ్ళకు ఇచ్చే సాయం బొమ్మ కోయడానికే ఆగిపోకూడదు. మాట కట్టడం నేర్పే పెద్దలు ఉన్నప్పుడే, ఆ మాటలు విని నేర్చుకునే పిల్లలకు రాత్రుళ్ళు కావాలి, ఎదురుగా జనం కావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని అనంతపురం పల్లెల్లో పోలిగాడికి మాటలు కరువు కావు: ఎండిన బోర్లు, వేరుశనగ ధర, బెంగళూరు బస్సెక్కిన కొడుకులు. జాతరకో ఊరి పండుగకో ఆట కట్టించేవాళ్ళు తెల్లవార్లూ ఆడమని అడగవచ్చు, పోలిగాడి భాగానికి కోత పెట్టవద్దని అడగవచ్చు. అందుకయ్యే ఖర్చు ఊరివాళ్ళు చందాగా వేసుకోలేనంత పెద్దది కాదు.