ఇంటి శ్లేష: గోదావరి సీమ తండ్రుల ‘కుళ్ళు జోకులు’ – ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– కావ్యంలోని శ్లేషకూ ఇంటి మాటల్లోని శ్లేషకూ ఉన్న పోలికలనూ తేడాలనూ గుర్తించగలుగుతారు.
– సభంగ, అభంగ శ్లేషలను నిత్యవ్యవహారంలోని ఉదాహరణలతో వివరించగలుగుతారు.
– ఒక చమత్కారం ఎప్పుడు హాస్యమవుతుందో, ఎప్పుడు అవమానమవుతుందో విమర్శించగలుగుతారు.

1. విషయ ప్రవేశం

వానాకాలం. “నాన్నా, వంటింటి మీద రేకులు కారుతున్నాయి” అంది కూతురు. తండ్రి పేపరులోంచి తల ఎత్తకుండానే, “నెయ్యి ఎక్కువ పడిందేమోనమ్మా, ఆత్రేయపురం రేకులు కదా!” అన్నాడు. ఆత్రేయపురం పూతరేకులకు పేరుపొందిన ఊరు. కూతురు “అబ్బా, నాన్నా!” అని తల పట్టుకుంది.

ఇలాంటి మాటను మనం కుళ్ళు జోకు అంటాం. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ‘డాడ్ జోక్’ అంటారు. 2019లో ఆ మాట మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువులో కూడా చేరింది. తెలుగు పేరు జోకు ఎలాంటిదో చెబుతుంది. ఇంగ్లీషు పేరు వేసేవాడెవరో చెబుతుంది. విమర్శకు ఈ రెండో సంగతే ఎక్కువ పనికివస్తుంది. ఇంటి శ్లేష విలువను కట్టడానికి పదంలో ఎన్ని అర్థాలున్నాయో లెక్కపెడితే చాలదు. విన్నవారికి తిరిగి ఒక మాట అనే వీలుందా అని కూడా అడగాలి. ఈ పాఠం చెప్పదలచుకున్నది ఇదే.

2. కావ్యంలో గౌరవం, ఇంట్లో విసుగు

ఒకే శబ్దం ఒకటికి మించిన అర్థాలను ఇవ్వడం శ్లేష. పదాన్ని విరవకుండానే రెండో అర్థం వస్తే అది అభంగ శ్లేష. విరిస్తేనే వస్తే సభంగ శ్లేష. 16వ శతాబ్దంలో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో రామాయణ, భారత కథలు రెంటినీ ఒకే పద్యాలలో నడిపాడు. రామరాజభూషణుడి ‘వసుచరిత్ర’ కూడా శ్లేషకు ప్రసిద్ధం.

శ్లేషకు సభలోనూ మర్యాద ఉంది. అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికి సంబంధం లేని ప్రశ్న వేస్తాడు. అవధాని ఒక్క మాటను అటు తిప్పి ఇటు తిప్పి జవాబు చెబితే సభ చప్పట్లు కొడుతుంది. అవధాన విద్యకు తెలుగునాట విశేష ప్రచారం తెచ్చిన తిరుపతి వేంకట కవులు ఇద్దరూ ఈ సీమవారే. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) కడియంలోను, దివాకర్ల తిరుపతిశాస్త్రి యండగండిలోను పుట్టారు.

అవధానికి చప్పట్లు తెచ్చిన పద్ధతే తండ్రికి “అబ్బా” అనే మూలుగు తెస్తుంది. తండ్రి శ్లేష నాసిరకం కాబట్టి అంటే సగమే నిజం. అవధాని మాట ఆ సభకు కొత్త. తండ్రి మాట ఇంట్లో అందరూ వందసార్లు విన్నదే. కాబట్టి దాని పని వేరే ఏదో అయి ఉండాలి.

3. రెండు ఉదాహరణలు

గోదావరి పాయల మధ్య ఏర్పడిన మెట్టలను లంకలంటారు. అక్కడ పొలమున్న రైతు బయలుదేరుతూ భార్యతో, “లంకకి వెళ్తున్నానే, సీతమ్మకి ఏమైనా కబురు చెప్పాలా?” అంటాడు. “తోక జాగ్రత్తండీ” అంటుందామె లోపలినుంచే.

‘లంక’ ఇక్కడ అభంగ శ్లేష. జోకును పూర్తి చేసింది మాత్రం భార్య. భర్త తనను తాను రామదూతను చేసుకుంటే, ఆమె తోక గుర్తుచేసి అతణ్ణి కోతిని చేసింది. రోజూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు అయితే అందులో నవ్వు ఎప్పుడో అరిగిపోతుంది. మిగిలేది ‘వెళ్ళొస్తాను’, ‘క్షేమంగా రండి’ అనే రెండు మాటలు. ఏటికి వరద నీరు వచ్చే రోజుల్లో పడవెక్కబోయే మనిషికి ఆ రెండు మాటలూ సూటిగా అనడం కష్టం. జోకు ఆ కష్టాన్ని తీరుస్తుంది.

రెండో ఉదాహరణ సభంగ శ్లేషకు. “పాలు అయిపోయాయి” అని ఇంట్లో అంటే, “పాలకొల్లు పోదాం, అక్కడ పాలు కొల్లలు” అంటాడు తండ్రి. ఆ ఊరి శివాలయం పేరు క్షీరారామం కావడం వల్ల మాటకు ఇంకొంచెం బలం వచ్చింది. కానీ ఇందులో జవాబుకు చోటు లేదు. పాలు తేవలసిన పని తప్పించుకోవడం ఉంది. లంక జోకుతో పోలిస్తే ఇది తక్కువదనడానికి కారణం ఇదే.

4. గోదావరి సీమ ప్రత్యేకత

గోదావరి వెటకారానికి ఒక కారణం తరచుగా చెబుతారు. 1847–52 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. పంటలు పెరిగి తీరిక వచ్చింది. తీరిక నుంచి హాస్యం పుట్టింది. ఈ వాదం భూమి ఉన్నవారికి సరిపోతుంది. నాట్లు వేసే కూలీలకు తీరిక లేదు, అయినా వారి మాటల్లోనూ వెటకారం ఉంది. కాబట్టి దీన్ని పూర్తి కారణంగా తీసుకోలేం.

రాజమండ్రిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన భమిడిపాటి కామేశ్వరరావు (1897–1958) మాట్లాడే తెలుగులోని హాస్యాన్ని వ్యాసాల్లోకి, నాటికల్లోకి తెచ్చారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ (1931–2011) శ్లేషను ఇంకా ముందుకు తీసుకువెళ్ళారు. ‘శివానందలహరి’ని తలపించే ‘ఋణానందలహరి’ అన్న పేరును, అందులో అప్పుల అప్పారావును చూడండి. కోస్తాలో ఇంటింటా వినబడే ‘అప్పారావు’ను విరిస్తే ‘అప్పు’ బయటపడుతుంది. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని పేదరికం చూసిన రచయిత చేతిలో ఆ మాట లేమిని మోయగలిగింది. శ్లేష తేలిక సరుకే అనేవారికి ఇది జవాబు.

5. శ్లేష ఎవరి మీద?

ఇప్పుడు మూడో ఉదాహరణ. మజ్జిగలో నీళ్ళెక్కువయ్యాయని పాలేరు నసిగాడు. “పాలేరంటే పాలూ ఏరూ కదరా! పాలు మాకు, ఏరు నీకు” అన్నాడు ఆసామి. అరుగు మీదివారంతా నవ్వారు. పాలేరు కూడా “ఆయ్” అని నవ్వాడు.

అలంకారశాస్త్రం ప్రకారం ఇది చక్కని సభంగ శ్లేష. అయితే పాలేరు నవ్వు జవాబు కాదు, అది కూడా అతని చాకిరీలో భాగమే. అతడు “తోక జాగ్రత్త” అనలేడు. పరీక్ష తప్పిన కూతుర్ని చుట్టాల ముందు కూర్చోబెట్టి, “పేరు విజయ, ఫలితం పరాజయ” అనే తండ్రి కూడా ఆ క్షణంలో ఆసామే.

మరొక ప్రశ్న కూడా వేసుకోవాలి. ఇవి ‘తండ్రి’ జోకులే ఎందుకయ్యాయి? తల్లులకు చమత్కారం లేక కాదు. పెళ్ళిళ్ళలో ఆడవారు పాడే వియ్యాలవారి పాటలే అందుకు సాక్ష్యం. అందరూ వింటుండగా జోకు వేసే హక్కు చాలా ఇళ్ళలో తండ్రిదే. లంక రైతు భార్యలా జవాబు చెప్పే వీలు ఎన్ని ఇళ్ళలో ఉండేదో మీ ఇంటి పెద్దలను అడిగి చూడండి.

6. సారాంశం

కుళ్ళు జోకు కావ్యశ్లేషకు పేద చుట్టం. పద్ధతి ఒకటే, పని వేరు. సూటిగా చెప్పలేని ఆప్యాయతను అది చెప్పగలదు. సూటిగా చేస్తే సిగ్గనిపించే అవమానాన్ని కూడా చేయగలదు. వినేవారికి జవాబు చెప్పే చోటు ఉందో లేదో చూస్తే ఆ రెంటికీ తేడా తెలుస్తుంది. కూతురి “అబ్బా, నాన్నా!” చిన్న జవాబే, కానీ అది ఆమె స్వేచ్ఛగా అన్న మాట.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సభంగ, అభంగ శ్లేషలకు మీ ఊరి పేర్లతో ఒక్కొక్క ఉదాహరణ రాయండి.
2. లంక జోకు, పాలేరు జోకు – ఈ రెంటిలో ఏది మంచి శ్లేష? ఏది మంచి హాస్యం? కారణాలతో చర్చించండి.
3. మీ ఇంట్లో తరచుగా వినబడే ఒక కుళ్ళు జోకును తీసుకుని, అది అసలు ఏ మాటకు బదులుగా వస్తోందో పది వాక్యాలలో విశ్లేషించండి.