వేరే కాయితం

ఇబ్రహీంపట్నంలో అర్జీలు రాసే పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక అవ్వ వచ్చి నా ముందు కూర్చుంది. పెనిమిటి నిజాం జైల్లో ఉండి వచ్చాడు, పింఛనుకు అర్జీ పెట్టకముందే పోయాడు.

"ఎన్నడు పట్టుకపోయిన్రు అవ్వా?"

"సంకురాత్రి ఎల్లినంక, జొన్నకోతలప్పుడు. చిన్నోడు కడుపుల ఉన్నడు."

ఆ చిన్నోడి వయసు లెక్కగట్టి వెనక్కి వెళ్తే 1948 మొదటి నెలలు తేలాయి. ఈ పనిలో నేను నేర్చిన మొదటి పాఠం అదే. తేదీ అడగకూడదు. పంట అడగాలి, పండుగ అడగాలి, ఎవరి పురిటికి ముందో అడగాలి.

1972లో మొదలై 1980లో 'స్వతంత్రతా సైనిక్ సమ్మాన్'గా మారిన కేంద్ర పింఛనుకు ఆరు నెలల జైలు చూపాలి. ఆడవాళ్లకూ ఎస్సీ, ఎస్టీలకూ మూడు నెలలు. కాగితాలు నిజాం నాటివి, ఉర్దూలో ఉంటాయి. నిజాం రాజ్యం వాడిన ఫస్లీ సంవత్సరాల లెక్కలో 1948 తొలి నెలలు 1357 ఫస్లీ. పొట్టి అచ్చులు రాయని ఆ లిపిలో మల్లయ్య లాంటి పేరు వేరే ఏ పేరుగానైనా బయటికి రావచ్చు. రికార్డు దొరక్కపోతే, దొరకలేదని సర్కారే రాసివ్వాలి. ఆ తర్వాతే తోటి ఖైదీ సాక్ష్యం చెల్లుతుంది. బతికున్న తోటి ఖైదీ కోసం ఊళ్లు తిరిగిన ఎండాకాలాలు నాకింకా గుర్తే.

నా సంచిలో సుప్రీంకోర్టు తీర్పులు రెండుండేవి. ఆలస్యంగా అడిగారని పింఛను కాదనకూడదని 1993లో ముకుంద్‌లాల్ భండారీ కేసులో చెప్పింది. క్రిమినల్ కేసులో అడిగేంత రుజువు ఈ ముసలివాళ్లను అడగొద్దని 2001లో గురుదయాళ్ సింగ్ కేసులో చెప్పింది. ఆ కాగితాలు మడతల దగ్గర చిరిగేదాకా వాడాను.

అఫిడవిట్ రాసేటప్పుడు మన మాట వాళ్ల నోట్లో పెట్టకూడదు. ఒక ఊరివాళ్లందరికీ ఒకే వాక్యాలతో రాసిచ్చాడొకాయన. సాయం చేద్దామనే రాశాడు, కానీ నిజంగా జైలుకెళ్లినవాళ్లు కూడా అబద్ధమాడినట్టే కనిపించారు. జొన్నకోతలన్నది జొన్నకోతలనే రాయాలి.

అయినా అవ్వ చెప్పినదాంట్లో సగమే ఆ ఫారంలో పట్టింది. నిజాం పక్షాన ఊళ్ల మీద పడ్డ రజాకార్లు ఇల్లు తగలబెట్టారు. గుమ్మిలో వడ్లు కాలిపోయాయి. మరిది మళ్లీ రాలేదు. వీటికి గడి లేదు. ఆ పథకం పేరే సమ్మానం. పోరాడినందుకు గౌరవమే తప్ప, పోగొట్టుకున్నదానికి పరిహారం అందులో లేదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి ఊళ్లో రజాకార్ల దాడిలో ఒక్క రోజే ఎనభైమందికి పైగా చనిపోయారు. వాళ్ల పెళ్లాలు జైలు సర్టిఫికెట్ ఎక్కడినుంచి తెస్తారు?

ఆ సెప్టెంబరులో భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చింది, దాన్నే పోలీస్ యాక్షన్ అన్నారు. అప్పుడూ ఆ తర్వాతా చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ లెక్కగట్టింది. వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ఆ నివేదికను సర్కారు దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. ఆ ఇళ్లవాళ్లు వచ్చి అడిగితే రాయడానికి నా దగ్గర అసలు ఫారమే లేదు. రజాకార్ల చేతిలో పోయినవాళ్ల గురించి ఎంత గట్టిగా మాట్లాడతామో, వీళ్ల గురించీ అంత గట్టిగా మాట్లాడాలని నా నమ్మకం.

పరిహారం, పునరావాసం, నిజాన్ని బయటపెట్టడం, ఇవి మానవహక్కుల ఘోర ఉల్లంఘనల బాధితుల హక్కులని ఐక్యరాజ్యసమితి 2005 డిసెంబరు 16న తీర్మానించింది. అవ్వకు ఆ మాట చెప్పగలిగే రోజు రాలేదు. ఆమె అప్పటికే పోయింది.

ఆ రోజు మాత్రం, ఇల్లు కాలిన సంగతికి ఫారంలో జాగా లేదని చెప్పాను.

"వేరే కాయితం మీద రాయి బిడ్డా" అంది.

తెల్లకాగితం తీశాను. రెండంకణాల ఇల్లు, గుమ్మిలో వడ్లు, కొట్టంలో కట్టేసిన బర్రె, మరిది పేరు రాశాను. చదివి వినిపించాను. "బర్రె కాదు, లేగ" అంది. కొట్టేసి దిద్దాను. ఫారం కంటే ముందు ఆ కాగితం మీదే వేలిముద్ర వేసింది.