బొంగరం తర్వాతే గడియారం

రెండు కర్రల్లో ఏది పొడవో తేల్చాలంటే పక్కపక్కన పెట్టి ఒక కొస కలిపితే చాలు. రెండు పనుల్లో ఏది ఎక్కువసేపు పట్టిందో తేల్చడానికి ఆ వీలు లేదు. రెండోది మొదలయ్యేసరికి మొదటిది గడిచిపోయి ఉంటుంది. అందుకే అయిదారేళ్ల పిల్లలకు ఈ పోలిక నేర్పడంలో తొలి మెట్టు, రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టించడం. దీనికి చేతి బొంగరాన్ని మించిన పనిముట్టు ఇంతవరకూ పుట్టలేదు.

ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూర్చుంటారు. 'ఒకటి, రెండు, మూడు' అనగానే ఇద్దరూ కాడ పట్టుకుని తిప్పుతారు. కాసేపటికి ఒక బొంగరం తూలుతుంది, పక్కకు ఒరుగుతుంది, నేల మీద దొర్లి ఆగుతుంది. రెండోది ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఎక్కువసేపు అంటే ఏమిటో ఇక ఎవరూ వివరించనక్కర్లేదు. పని తెలిసిన టీచరు ఇక్కడ 'ఎవరు గెలిచారు?' అని అడగదు. అలా అడిగితే పిల్లల మనసు జోరు మీదికి పోతుంది. 'ఏది ముందు ఆగింది? ఏది ఎక్కువసేపు తిరిగింది?' అని మాత్రమే అడుగుతుంది. ఎంత చిన్న తేడా, ఎంత గొప్ప నేర్పు!

బొంగరమూ మంచిదై ఉండాలి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్క పూతతో చేసేవి ఈ పనికి చక్కగా సరిపోతాయి. అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటికి సహజ రంగులను మళ్లీ అద్దించిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

'ఎవరు గెలిచారు?' అని అడగకూడదన్నది ఊరికే కాదు, అసలు చిక్కు జోరుతోనే. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజె దీన్ని బయటపెట్టిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. కాలం, వేగం పిల్లలకు ఎలా తెలుస్తాయని 1928లో దావోస్‌లో ఐన్‌స్టీన్ అడిగిన ప్రశ్నే ఈ పరిశోధనకు మూలమంటారు. ఆయన పుస్తకం 1946లో వచ్చింది. ఆయన ప్రయోగంలో రెండు బొమ్మలు ఒకేసారి బయలుదేరి ఒకేసారి ఆగుతాయి. ఒకటి జోరుగా వెళ్లి దూరం చేరుతుంది. చిన్నపిల్లలు చాలామంది 'దూరం వెళ్లిందే ఎక్కువసేపు నడిచింది' అంటారు. టీచరు శిక్షణలో, పిల్లల ఎదుగుదలకు పియాజె చెప్పిన దశలను బట్టీ పట్టనివారు లేరు గానీ, ఆ బొమ్మలను తరగతిలో ఒక్కసారైనా నడిపించినవాళ్లు ఎందరు?

'తప్పు' అని చెప్పి ఈ పొరపాటును పోగొట్టలేరు. ఒకరిని పరుగెత్తించి, ఒకరిని మెల్లగా నడిపించి, ఒకే ఈలకు ఇద్దరినీ ఆపాలి. తర్వాత ఒకే గోడ దాకా ఇద్దరినీ పంపి, ఎవరు ఆలస్యంగా చేరారో చూపాలి. ఈ రెండు ఆటలూ వెంటవెంటనే ఆడితే దూరం వేరు, సేపు వేరు అని పిల్లలే పట్టుకుంటారు. 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచిన గిజుభాయి బధేకా బతుకంతా పోరాడింది ఇలా ఆటలోంచి వచ్చే చదువు కోసమే.

ఒకేసారి చేయలేని పనులకు మధ్యవర్తి కావాలి. ప్లాస్టిక్ సీసా అడుగున సన్నటి బెజ్జం పెట్టి, పైన గీత దాకా నీళ్లు నింపాలి. ఒక పాప చొక్కా బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టగానే బెజ్జం మీంచి వేలు తీయాలి; పని కాగానే నీటిమట్టం దగ్గర గుర్తు గీయాలి. మళ్లీ అదే గీత దాకా నింపి రెండో పాపతో చేయించాలి. ఎవరి గుర్తు కిందుంటే వారికి ఎక్కువసేపు పట్టినట్టు. ఒక జాగ్రత్త: నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ధార జోరుగా పడుతుంది, తగ్గేకొద్దీ మందగిస్తుంది. కాబట్టి గుర్తులు చూసి ఎక్కువ తక్కువలు చెప్పవచ్చు, 'రెండింతలు' అని మాత్రం చెప్పకూడదు. పూర్వం గడియను కొలిచింది కూడా బెజ్జమున్న రాగిగిన్నెతోనే. అది నీళ్లలో మునిగితే ఒక గడియ, అంటే 24 నిమిషాలు.

సేపును లెక్కలో చెప్పాలంటే చప్పట్లు లెక్కపెట్టించడం తేలిక, కానీ ఉత్సాహం పెరిగితే చప్పట్ల వేగమూ పెరుగుతుంది. దారానికి రాయి కట్టి ఊపడం మేలు. మీటరు పొడవు దారమైతే ఈ వైపు నుంచి ఆ వైపుకు దాదాపు ఒక సెకను. ఊపు కాస్త తగ్గినా ఆ సేపు ఇంచుమించు మారదు.

ఇంత సంపద ఉండగా బడుల్లో జరుగుతున్నదేమిటి? పళ్లు తోముకునే బొమ్మ, స్నానం చేసే బొమ్మ అచ్చేసి 'ఎక్కువసేపు పట్టేదానికి టిక్ పెట్టండి' అంటున్నారు. కాగితం మీద కాలం గడుస్తుందా? పిల్ల దేన్నీ పోల్చదు, టీచరుకు నచ్చే జవాబు ఊహిస్తుంది. బొంగరానికీ లైట్లు, బ్యాటరీ తగిలించారు. మీట నొక్కితే తిరిగేదాంట్లో చేతికి పనేముంది, చూపుకు పరీక్షేముంది? యూకేజీలోనే గడియారపు ముళ్లు గీయించి 'టైమ్ వచ్చేసింది' అని మురిసిపోయే తల్లిదండ్రులది మరో పాపం. వేల రూపాయల కిట్లు కొనే యాజమాన్యాలు ప్రతి యూకేజీకీ, ఒకటో తరగతికీ నాలుగు కర్ర బొంగరాలు, రెండు ఖాళీ సీసాలు ఇప్పించలేవా?

బొంగరం, ఈల, సీసా, ఊగే రాయి దాటాకే గడియారం రావాలి. అప్పుడు కూడా ముందు చూపాల్సింది సెకన్ల ముల్లునే. అది కదులుతూ కనిపిస్తుంది కాబట్టి. నిమిషాల ముల్లు, గంటల ముల్లు ఆ తర్వాత.