పన్నెండో గడిలో పొడి అక్షరాలు

అమెరికాలో కంపెనీలు ఉద్యోగులకు ఏడాది జీతం, పన్ను లెక్క చూపే డబ్ల్యూ-2 ఫారం జనవరి నెలాఖరుకల్లా ఇచ్చేయాలి. ఫిబ్రవరిలో ఏ తెలుగువాళ్లింటికి భోజనానికి వెళ్లినా, పెరుగన్నం దాకా రాకముందే ఎవరో ఒకరు ఫోన్లో ఆ ఫారం తెరిచి నా ముందు పెడతారు. "అన్నా, బాక్స్ 12లో ఈ డీడీ ఏంటి? ఇరవై రెండు వేలుంది. దీనికీ ట్యాక్స్ కట్టాలా?"

అక్కర్లేదు. ఆరోగ్య బీమాకు కంపెనీ, మీరు కలిసి పెట్టిన మొత్తం ఖర్చు అది. ఒబామా హయాంలో వచ్చిన చట్టం చూపించమంది కాబట్టి చూపిస్తారు, అంతే. అయినా ఓసారి చూసి పెట్టుకోండి. ఉద్యోగం పోతే కోబ్రా కింద అదే బీమా నడపాలంటే ఎంతవుతుందో సుమారుగా తెలుస్తుంది.

అదే గడిలో డబ్ల్యూ అక్షరం హెచ్ఎస్ఏది, అంటే వైద్య ఖర్చుల కోసం దాచుకునే ఖాతాది. జీతంలోంచి మీరు కోయించుకున్న డబ్బు కూడా కంపెనీ కట్టిన లెక్కలోనే ఇందులో కలిసి వస్తుంది. ఫారం 8889లో దాన్నే మళ్లీ సొంతంగా కట్టినట్టు రాస్తే ఒకే డబ్బుకు రెండు మినహాయింపులు అడిగినట్టే. కాలిఫోర్నియా రాష్ట్ర పన్నులో అయితే అసలు ఈ మినహాయింపే లేదు!

నేను ముందు వెతికేది డి. అది రిటైర్మెంట్ కోసం 401కె ఖాతాలో దాచుకున్న సొమ్ము. "నా జీతం లక్షా ఇరవై వేలైతే బాక్స్ 1లో లక్షే వేశారేంటి?" అని కంగారుపడేవాళ్లకు జవాబు అక్కడే దొరుకుతుంది. డి పక్కన ఇరవై వేలుంటే బాక్స్ 1లో అంత తగ్గుతుంది, మెడికేర్ జీతం చూపే బాక్స్ 5లో మాత్రం తగ్గదు. రాత్ 401కె అయితే ఏఏ అని ఉంటుంది. దానికి పన్ను ఇప్పుడే కట్టేస్తాం కాబట్టి బాక్స్ 1 తగ్గదు.

అసలు చిక్కు ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్లకి. కన్సల్టింగ్‌లో ఉన్న మనవాళ్లలో ఇది మామూలే. 2025కి డి, ఏఏ రెండూ కలిపి పరిమితి 23,500 డాలర్లు (యాభై నిండినవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ). అది మనిషికి లెక్క, కంపెనీకి కాదు. పాత కంపెనీలో ఎంత దాచారో కొత్త పేరోల్‌కు తెలియదు. పరిమితి దాటిన డి సొమ్మును ఏప్రిల్ 15లోపు వెనక్కి తీసుకోకపోతే దానికి ఇప్పుడోసారి, రిటైరయ్యాక తీసుకున్నప్పుడు ఇంకోసారి పన్ను పడుతుంది.

కాబట్టి రెండు డబ్ల్యూ-2లు వచ్చినవాళ్లు డీడీ సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు రెంటిలోని డి, ఏఏ అంకెలు కూడండి. దాటితే ఏదో ఒక ప్లాన్ వాళ్లకు మార్చిలోనే ఫోన్ చేయండి.