ఒకే మూట, వేర్వేరు యంత్రాలు

అమెరికాలోని ఎంఐటీలో 1970లలో మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం వుడీ ఫ్లవర్స్ అనే ఆచార్యుడు తీర్చిదిద్దిన 2.70 అనే డిజైన్ కోర్సులో, ప్రతి ఒక్కరికీ ఒకే రకమైన సామాన్ల మూట ఇచ్చి, నిర్ణయించిన పనిని చేయగల యంత్రాన్ని దానితోనే తయారుచేయమనేవారు. చివరికి ఆ యంత్రాలకు అందరి ఎదుట పోటీ పెట్టేవారు. మూట అందరికీ ఒకటే కావడంలోనే ఆ పద్ధతి బలమంతా ఉంది. ఖరీదైన మోటారు కొనే స్తోమత ఎవరికుందన్న ప్రశ్నే తలెత్తదు కనుక, ఒక యంత్రం మరొకదాన్ని ఓడించిందంటే తేడా ఆలోచనలోనూ చేతిపనిలోనూ ఉందని ఒప్పుకోక తప్పదు. పైగా ఉన్నదానితోనే నెట్టుకురావలసి ఉండటం వల్ల, వస్తువును దాని పేరును బట్టి కాక గుణాన్ని బట్టి వాడుకునే నేర్పు విద్యార్థికి అబ్బుతుంది. డీన్ కేమెన్ స్థాపించిన ఫస్ట్ అనే సంస్థ, ఫ్లవర్స్ తోడ్పాటుతో ఈ స్ఫూర్తిని హైస్కూలు పిల్లల దాకా తీసుకువెళ్లి, 1992లో 28 జట్లతో తొలి పోటీ నిర్వహించింది.

మన దేశంలో నీతి ఆయోగ్ 2016లో ప్రారంభించిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద, 6 నుంచి 12వ తరగతి వరకు చదివే పిల్లల కోసం ఏర్పడిన టింకరింగ్ ల్యాబ్‌లు తెలుగు రాష్ట్రాల బడుల్లోనూ ఉన్నాయి. రోబోల పని నేర్చుకునే పిల్లలు తొలినాళ్లలో చేసేవాటిలో లైన్ ఫాలోయర్, అంటే నేల మీది నల్లని గీతను పట్టుకుని తనంతట తాను నడిచే బండి, ఒకటి. దాని ముందు భాగాన, గీతకు అటూ ఇటూ ఉండేలా, రెండు పరారుణ సెన్సర్లు అమరుస్తారు. ఇవి కంటికి కనిపించని కిరణాన్ని నేల మీదికి పంపి, తిరిగివచ్చినది ఎంతో పసిగడతాయి. తెల్లని నేల ఆ కిరణాన్ని వెనక్కి పంపుతుంది, నల్లని గీత చాలావరకు పీల్చుకుంటుంది. ఎడమ సెన్సర్ కిందికి గీత వచ్చిందంటే బండి కుడికి జరిగిందన్నమాట. అప్పుడు ఎడమ చక్రాన్ని ఆపి కుడి చక్రాన్ని నడిపితే బండి దారికి వస్తుంది.

కాగితం మీద ఇంతే. అయితే ఎండలో కూడా పరారుణ కిరణాలు ఉంటాయి కనుక, మూసిన గదిలో చక్కగా నడిచిన బండి కిటికీ పక్కకు రాగానే గీత కానక పక్కకు పోతుంది; అప్పుడు సెన్సర్ బోర్డు మీది బుల్లి మరను స్క్రూడ్రైవరుతో కాస్త కాస్త తిప్పుతూ, నలుపుకూ తెలుపుకూ నడుమ హద్దును మళ్లీ నిర్ణయించాలి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మలుపు దాటి దూసుకుపోయే బండి, ఛార్జింగ్ తగ్గాక అదే మలుపును తీరిగ్గా తిరుగుతుంది. వంకర నడక మానాలంటే సెన్సర్ల సంఖ్య పెంచి, బండి గీతకు ఎంత దూరం జరిగితే అంత గట్టిగా మళ్లించేలా ప్రోగ్రాం రాయాలి. తప్పు ఎంతో దిద్దుబాటు అంతగా ఉండే ఈ ఏర్పాటునే అనుపాత నియంత్రణ అంటారు. పదో తరగతి విద్యార్థి ఈ సూత్రాన్ని పుస్తకంలో చదివి అప్పజెప్పడానికీ, బండి తూలడం కళ్లారా చూసి దాని అవసరాన్ని గ్రహించడానికీ ఎంతో అంతరం ఉంది.

ఈ కారణంగానే, ఏ మర ఎక్కడ బిగించాలో బొమ్మలతో సహా చూపే రెడీమేడ్ కిట్లతో జరిపే పోటీలు అసలు చదువును పక్కన పెడుతున్నాయని చెప్పక తప్పదు. పోటీకి కొన్ని రోజుల ముందే ట్రాక్‌ను పరిచి పిల్లలకు వదిలివేయడం, ఏ వెలుతురులో ఏ కొలత వచ్చిందో, ఏ మార్పు తర్వాత బండి ఎలా నడిచిందో వారు రాసుకున్న నోటుపుస్తకానికి కూడా వేగంతో సమానంగా మార్కులు వేయడం ఏ బడికైనా సాధ్యమే. దానికి అదనపు ఖర్చేమీ లేదు, టైంటేబుల్‌లో కొన్ని పీరియడ్లు ఉంటే చాలు.