తప్పుల పట్టీలో ఇంటిపేరు

రాయ్‌పూర్‌లో రైల్వే పనుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల మధ్య మేము ఆదివారం సాయంత్రాలు ఒక పఠన సమావేశం నడుపుతున్నాము. త్రిశరణ పంచశీలాల తరువాత ఎవరో ఒకరు తాము చదువుతున్న పుస్తకం గురించి చెప్పాలి. పెద్దవాళ్లు తెలుగులో చదువుతారు. పిల్లలు హిందీలోనో ఇంగ్లీషులోనో చదివి తెలుగులో చెబుతారు. గత వర్షాకాలంలో ఒక యువకుడు పుస్తకంతో పాటు నోటుబుక్కు కూడా తెచ్చాడు. మూడు ఇంటర్వ్యూలకు వెళ్లి, మూడింటిలోనూ ఎంపిక కానివాడు. తాను కొన్న వ్యక్తిత్వ వికాస పుస్తకం బలహీనతలన్నీ ఒకచోట రాసుకోమన్నదట, రాసుకున్నాడు. పొద్దెక్కి లేవడం, ఫోను చూస్తూ కూర్చోవడం, ఇంగ్లీషులో తడబడడం... ఇలా చదువుతూ ఏడో అంశం దగ్గర ఆగిపోయాడు. అడిగితే నోటుబుక్కే మా చేతికిచ్చాడు. "ఇంటిపేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గుతుంది" అని రాసి ఉంది.

ఎప్పటినుంచి తగ్గుతోందని అడిగాము. మొదటి ఇంటర్వ్యూలో పేరు చెప్పగానే "పూర్తి పేరు?" అన్నారట. చెప్పాక, తండ్రి ఏ పని మీద ఈ ఊరు వచ్చాడని అడిగారట. ఆ తరువాత ఎదుటివాళ్ల ముఖాలు మారడం అతను చూశాడు. రెండోసారికి గొంతు దానంతటదే తగ్గింది. అడిగినవాళ్ల తప్పు ఇతని తప్పుల పట్టీలోకి ఎక్కింది. ఎక్కించినది ఆ పుస్తకం. అందుకే ఈసారి ఒక్క పుస్తకాన్ని కాక, ఆ రకం పుస్తకాలన్నింటినీ మనం ఎలా చదవాలో పరిశీలించాలనుకున్నాము.

ముందు న్యాయంగా మాట్లాడాలి. ఈ పుస్తకాలను ఎగతాళి చేయడం తేలిక, కానీ అవి మన ఇళ్లలోకి ఊరికే రాలేదు. యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు', బి.వి. పట్టాభిరామ్ పుస్తకాలు తెలుగునాట ఎన్ని ఇళ్లలో ఉన్నాయో మనకు తెలుసు. ఇంట్లో మొదటగా కాలేజీ గడప తొక్కిన పిల్లవాడికి పది మందిలో ఎలా మాట్లాడాలో, పరీక్ష భయాన్ని ఎలా దాటాలో చెప్పేవాళ్లు ఉండరు. ఇతర కులాల పిల్లలకు మేనమామలూ బాబాయిలూ భోజనాల దగ్గర చెప్పే సంగతులు మనవాళ్లకు ఇలాంటి పుస్తకాలే చెప్పాయి. లా చదివే రోజుల్లో మేమూ వీటిని అరువు తెచ్చుకొని చదివినవాళ్లమే. అవి మాకు మేలు చేయలేదని చెబితే అది ముసావాదమే అవుతుంది.

అయితే ఈ పుస్తకాల వంశవృక్షాన్ని కాస్త చూడాలి. వీటిలో చాలావాటికి తాతలాంటిది అమెరికన్ రచయిత డేల్ కార్నెగీ 1936లో ప్రచురించిన పుస్తకం. మనుషులను మెప్పించి మిత్రులను సంపాదించుకోవడం ఎలాగో చెప్పే ఆ పుస్తకం ఈనాటికీ అమ్ముడుపోతోంది. చిరునవ్వుతో ఉండు, ఎదుటివారిని విమర్శించకు, వాదనకు దిగకు, మనిషిని పేరుతో పలకరించు అన్నవి అందులోని ముఖ్యమైన సలహాలు.

అదే 1936లో మన దేశంలో మరో పుస్తకం వెలువడింది. లాహోర్‌లోని జాత్‌పాత్ తోడక్ మండల్ తన వార్షిక సభకు అధ్యక్షత వహించమని బాబాసాహెబ్‌ను పిలిచింది. ప్రసంగ పాఠం చూసి నిర్వాహకులు జంకారు. కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఒక్క కామా కూడా మార్చనని ఆయన జవాబిచ్చారు. సభ రద్దయింది. ఆయన తన ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చు వేయించారు, రెండు నెలల్లో అవన్నీ అయిపోయాయి. మనం తెలుగులో 'కుల నిర్మూలన'గా చదువుకునేది దానినే.

వాదన మానుకో అన్న సలహాను బాబాసాహెబ్ పాటించి ఉంటే లాహోర్‌లో అధ్యక్ష పీఠం దక్కేది, పూలదండలు పడేవి, మనకు ఆ పుస్తకం ఉండేది కాదు. వాదించకుండా ఉండడం సమానుల మధ్య మర్యాద కావచ్చు. ఎప్పుడూ నోరెత్తనివ్వని మనిషికి అదే సలహా చెబితే అది పాత ఆజ్ఞే అవుతుంది. చిరునవ్వు సంగతీ అంతే. మురుగు కాలువలో దిగే కార్మికుడు మేస్త్రీ ముందు ఎలాగూ నవ్వుతూనే నిలబడాలి.

ఇక పేరు. మనిషిని పేరుతో పిలిస్తే సంతోషిస్తాడన్నది నిజమే. కానీ మన ఊళ్లలో పుల్లయ్య అనే పేరున్న మా తాతల కాలంవారిని 'ఒరే పుల్లిగా' అని పదేళ్ల పిల్లవాడు కూడా పిలిచేవాడు. పేరు తెలియక కాదు. 'అయ్య' అన్న రెండక్షరాలు ఇవ్వడం ఇష్టం లేక. ఇప్పుడు ఊరు మారింది, భాష మారింది. పేరు కుదించడం పోయి పూర్తి పేరు కూపీ తీయడం వచ్చింది. పేరు వెనుక ఉన్న ఈ చరిత్ర ఎరగని పుస్తకం మనవాడి గొంతు ఎందుకు తగ్గిందో చెప్పలేదు. ఆత్మవిశ్వాసం లోపించిందని మాత్రం తీర్పు చెబుతుంది. ప్రతివాదిని పిలవకుండా ఇచ్చిన తీర్పు చెల్లదని మొదటి సంవత్సరం లా విద్యార్థికి కూడా తెలుసు.

స్వయంకృషి ఒక్కటే చాలుననేవారు బరోడా సంగతి గుర్తు తెచ్చుకోవాలి. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో బాబాసాహెబ్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. చదువు ముగించుకొని, అదే బరోడాలో కొలువు చేయడానికి తిరిగి వచ్చారు. తలదాచుకోవడానికి ఊళ్లో గది దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకొని ఉండవలసి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చిన గుంపు ఆయనను ఖాళీ చేయించింది. ఆ రోజు రైలు వేళ వరకు ఊరి తోటలో కూర్చున్నారు. ఆయన వ్యక్తిత్వంలో అప్పటికి ఏ వికాసం తక్కువైంది? ఏ మెట్టు ఎక్కలేదు?

మరి ధమ్మం స్వయంకృషిని కాదంటుందా? కాదనదు. ఎవరి దీపం వారే కావాలన్నది మనకు తొలి పాఠం. దీఘజాణు అనే కోలియ గృహస్థు, సంసారంలో ఉన్న మాలాంటివారికి పనికొచ్చేది చెప్పమని అడిగితే భగవానుడు నాలుగు చెప్పాడు: పనిలో పట్టుదల, సంపాదించినదాన్ని కాపాడుకోవడం, మంచి స్నేహితులు, రాబడికి తగిన ఖర్చు. ఇంతవరకు ఏ వ్యక్తిత్వ వికాస రచయితకూ అభ్యంతరం ఉండదు. తేడా ఆ తరువాత మొదలవుతుంది. సిగాలోవాద సుత్తంలో ఆరు దిక్కులకు మొక్కే యువకుడికి ఆ దిక్కులంటే మనుషులేనని బుద్ధుడు వివరించాడు. ప్రతి దిక్కులోనూ బాధ్యతలు రెండు వైపులా ఉన్నాయి. పనివాడు పొద్దున్నే లేచి బాగా పని చేయాలి, నిజమే. యజమాని కూడా శక్తికి తగిన పనే చెప్పాలి, కూలీ తిండీ సరిగా ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, సెలవు ఇవ్వాలి. కూటదంత సుత్తం ఇంకా ముందుకు వెళ్లింది. దొంగతనాలు శిక్షలతో ఆగవు, రైతుకు విత్తనం, వర్తకుడికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇస్తే ఆగుతాయని రాజుకు చెప్పిన కథ అందులో ఉంది.

ఈ దారిలో వచ్చినవాడే నాగార్జునుడు. రాయ్‌పూర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, మహానది ఒడ్డున సిర్‌పూర్ ఉంది. అక్కడి ఆనందప్రభ విహారం చూపించడానికి మేము పిల్లలను తీసుకువెళ్తుంటాము. ఈ కోసల రాజ్యానికీ నాగార్జునుడికీ ఉన్న సంబంధాన్ని 7వ శతాబ్దంలో వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ రాసిపెట్టాడు. నాగార్జునుడు రాజుకు హితవుగా రాసిన 'రత్నావళి' మన దృష్టిలో ప్రజాజీవితం మీద గొప్ప పుస్తకం. అందులో కోపాన్ని, లోభాన్ని జయించడం గురించి ఉంది. బాటసారులకు నీళ్లు, రోగులకు వైద్యం గురించి ఉంది. ఖైదీలను విడుదల చేసేదాకా వారికి మంగలి, స్నానం, తిండి, మందు, బట్ట సమకూర్చమని కూడా ఉంది. విచారణ ఖైదీల కుటుంబాలతో కోర్టుల చుట్టూ తిరిగే మాకు ఆ చివరి మాట దగ్గర ఎప్పుడూ చూపు ఆగిపోతుంది. మనసును బాగుచేసుకోవడం, జైలును బాగుచేయడం ఆయన ఒకే పుస్తకంలో చెప్పాడు. వాటిని రెండు వేర్వేరు అరల్లో పెట్టింది మన కాలమే.

తెలుగువారిలో ఈ రెండింటినీ కలిపి బతికి చూపినవాడు భాగ్యరెడ్డి వర్మ. మాదరి భాగయ్యగా పుట్టి, హైదరాబాద్‌లో 1906 నాటికే జగన్ మిత్ర మండలి స్థాపించాడు. మద్యం మానమన్నాడు, పిల్లలను బడికి పంపమన్నాడు, బడులూ తానే పెట్టాడు. అంతటితో ఆగలేదు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించినప్పుడు, ఇతరులు తగిలించిన 'పంచమ' అన్న పేరును తీసేసి 'ఆది ఆంధ్ర' అన్న పేరును నిలబెట్టాడు. తాగుడు మానడం మన వంతు, పేరు తిరిగి తీసుకోవడం కూడా మన వంతే అని చెప్పిన మనిషి ఆయన.

ఇప్పుడు మన పుస్తకాలనూ విమర్శకు నిలబెట్టాలి. జయంతి సభల్లో పంచే చిన్న అంబేడ్కర్ జీవిత చరిత్రలు చాలావరకు కార్నెగీ బాటలోనే నడుస్తున్నాయి. రోజుకు ఇన్ని గంటలు చదివాడు, ఇన్ని డిగ్రీలు తెచ్చుకున్నాడు, నువ్వూ కష్టపడితే అంతవాడివవుతావు. మహద్ చెరువు ఒక పేరా, 1956 నాగపూర్ దీక్ష ఒక వాక్యం. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని, ఆ మరుసటి ఏడు సిద్ధార్థ కళాశాలను ఎందుకు పెట్టాడో ఉండదు. తాను ఎక్కిన మెట్లను వెనుకవారి కోసం కట్టిన మనిషిని, మెట్లెక్కిన వీరుడిగా మాత్రమే చూపిస్తున్నాము. మరోవైపు ఆయన పెద్ద సంపుటాలు దండ వేసిన పటం కింద అద్దాల బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఇరవై ఏళ్ల పిల్లవాడు చదవగల మంచి తెలుగులో దీఘజాణు సుత్తాన్నీ 'కుల నిర్మూలన'నూ కలిపి చెప్పే వంద పేజీల పుస్తకం మనం రాయలేదు. ఆ ఖాళీలోకే బుక్ స్టాల్ పుస్తకం వచ్చి కూర్చుంది. దాన్ని తిట్టి ప్రయోజనం లేదు.

ఆ ఆదివారం మేము అతని పుస్తకాన్ని పారేయమనలేదు. నోటుబుక్కులో కొత్త పేజీకి మధ్యన నిలువుగా గీత గీయమన్నాము. ఎడమవైపు తాను చేయవలసినవి, కుడివైపు ఇతరులు తనకు చేయవలసినవి. ఎడమవైపు ఆలస్యంగా లేవడం, ఫోను, ఇంగ్లీషు అలాగే మిగిలాయి, వాటిని కొట్టేయనివ్వలేదు. ఏడో అంశం మాత్రం కుడివైపుకు వెళ్లింది. దాని కింద, సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం తన ఇంటర్వ్యూ మార్కులు అడగడం అని రాసుకున్నాడు. ఆ దరఖాస్తు రాయడానికి ఒక గంట పట్టింది. పై భాగంలో పూర్తి పేరు తానే రాశాడు. జవాబు ఎలా వస్తుందో, ఉద్యోగం వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేము. ఒక కాగితం అతని కులాన్ని అడిగినవారి బుద్ధి మార్చదని కూడా తెలుసు.

కాబట్టి పాఠక మిత్రులకు మా సూచన ఇది. మీ పిల్లల చేతిలో ఇలాంటి పుస్తకం కనబడితే లాక్కోకండి. పక్కన కూర్చొని ఆ గీత గీయించండి. పుస్తకం చెప్పినవన్నీ ఎడమవైపే చేరితే, కుడివైపు ఏం రాయాలో చెప్పే బాధ్యత మనది. విహారంలో అద్దాల బీరువా ఉంటే దాని తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఈ ఆదివారమే కనుక్కోండి.