అభిమాని అలక: ‘స్టార్ ట్రెక్’లో ఒక ఎపిసోడ్

1968 సెప్టెంబర్ 20, శుక్రవారం రాత్రి పది గంటలకు అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్‌లో ‘స్టార్ ట్రెక్’ మూడవ సీజన్ మొదలైంది. ఆ రాత్రి ప్రసారమైన ఎపిసోడ్ పేరు ‘స్పాక్స్ బ్రెయిన్’. తొలి ‘స్టార్ ట్రెక్’లోని 79 ఎపిసోడ్లలో అన్నిటికన్నా పేలవమైనది ఏదన్న చర్చ వచ్చినప్పుడల్లా అభిమానులు ముందుగా చెప్పే పేర్లలో ఇది ఒకటి. అభిమాని స్పందనకు విమర్శలో పెద్దగా గౌరవం లేదు. అది భజన అయినా అవుతుంది, తిట్టు అయినా అవుతుంది అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ ఎపిసోడ్ పట్ల అభిమానులకు కలిగిన అసంతృప్తిని కొంచెం నిదానంగా పరిశీలిస్తే, ఆ రెంటికీ చెందని ఒక విమర్శ పద్ధతి అందులో కనబడుతుంది. దాని బలమూ, దాని లోపమూ రెండూ గమనించదగినవే.

ఉత్తరాలు తెచ్చిన సీజన్

1966 సెప్టెంబర్ 8న మొదలైన ఈ ధారావాహికకు ఛానల్ ఆశించినంత మంది ప్రేక్షకులు రాలేదు. రెండవ సీజన్‌తో దీన్ని ఆపివేస్తారన్న వార్త పొక్కినప్పుడు బీజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ అనే దంపతులు పూనుకొని ఉత్తరాల ఉద్యమం నడిపారు. 1968 మార్చి 1న, ఆ వారం ఎపిసోడ్ ముగిశాక, ధారావాహిక కొనసాగుతుందని ఛానల్ ప్రసారంలోనే ప్రకటించింది. ఇక ఉత్తరాలు రాయవద్దని కోరింది కూడా. అయితే కొనసాగింపుతోపాటు వచ్చినవి తగ్గించిన బడ్జెట్టూ, యువతీయువకులు ఇంటిపట్టున ఉండని శుక్రవారం రాత్రి పది గంటల వేళా. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ రోజువారీ నిర్మాణ బాధ్యతల నుంచి తప్పుకోగా, ఫ్రెడ్ ఫ్రైబర్గర్ నిర్మాతగా వచ్చాడు.

కాబట్టి ఆ సెప్టెంబర్ రాత్రి టీవీ ముందు కూర్చున్న అభిమానిది మామూలు ప్రేక్షకుడి స్థితి కాదు. ఉత్తరాలు రాసి, అడిగి తెప్పించుకున్న సీజన్ అది. నచ్చకపోతే ఛానల్ మార్చి ఊరుకోవడం అంత తేలిక కాదు. ఇలాంటి స్థితికి తెలుగులో సరిపోయే మాట ‘అలక’. కోపం ఎవరి మీదనైనా వస్తుంది. అలిగేది మాత్రం తనవాళ్ళ మీదనే. అలకలో ఫిర్యాదుతోపాటు ఒక హక్కు ఉంటుంది. ఎదుటివాళ్ళు ఇంతకన్నా బాగా ఉండగలరన్న ఎరుకా ఉంటుంది.

కథ, అభ్యంతరం

కథ ఇది. ఎంటర్‌ప్రైజ్ నౌకలోకి ఒక అపరిచిత స్త్రీ హఠాత్తుగా వచ్చి అందరినీ స్పృహ తప్పిస్తుంది. మేలుకొనేసరికి స్పాక్ తలలో మెదడు ఉండదు. ఇరవైనాలుగు గంటలలో దాన్ని వెతికి తిరిగి అమర్చకపోతే అతను బతకడు. జాడ పట్టుకొని కెప్టెన్ కిర్క్ బృందం ఒక మంచుగ్రహానికి చేరుతుంది. అక్కడ పురుషులు నేలపైన ఆటవికులుగా, స్త్రీలు నేల కింద సకల సౌకర్యాలతో జీవిస్తుంటారు. ఆ పాతాళ నగరానికి గాలిని, నీటిని, వెచ్చదనాన్ని సమకూర్చే యంత్రాంగాన్ని నడపడానికే స్పాక్ మెదడును తెచ్చి అమర్చారు. మెదడు లేని స్పాక్ శరీరాన్ని డాక్టర్ మెకాయ్ ఒక మీటల పెట్టెతో నడిపిస్తూ వెంట తీసుకువస్తాడు.

ఇందులో అభిమానికి అడ్డుతగిలింది విజ్ఞానశాస్త్రం అనుకోవడం సులభం. కాని మనుషులను అణువులుగా విడదీసి మరోచోట కూర్చే యంత్రాన్ని రెండేళ్ళుగా మారుమాట లేకుండా అంగీకరించిన ప్రేక్షకుడు అతను. శరీరం శ్వాసను, రక్తప్రసారాన్ని నడిపినట్టే ఒక మెదడు ఒక నగరాన్ని నడపవచ్చునన్న ఊహ నిజానికి చెడ్డది కాదు. అభ్యంతరం మరోచోట ఉంది. దాని పేరు మన అలంకారశాస్త్రంలో దొరుకుతుంది: అనౌచిత్యం. రసభంగానికి మూలకారణంగా ఆనందవర్ధనుడు చూపినది దానినే. పదకొండవ శతాబ్దపు క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా భావించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. కథలో ఏది సాధ్యం అన్నది కాక, ఏ పాత్రకు ఏది తగును అన్నది అక్కడి ప్రశ్న. ‘స్పాక్ అలా చేయడు’ అనే అభిమాని వాక్యం సారాంశంలో అదే ప్రశ్న.

దీనిని తేల్చడానికి మరో ఎపిసోడ్ తోడు కావాలి. 1967 మార్చి 9న ప్రసారమైన ‘ద డెవిల్ ఇన్ ద డార్క్’లో, ఒక గ్రహం మీద గని కార్మికులను రాయిలాంటి ఒక వింత ప్రాణి చంపుతుంటుంది. స్పాక్ తన మనసును దాని మనసుతో కలిపి, దాని బాధను తన గొంతుతో పలుకుతాడు. కార్మికులు పనికిరాని రాళ్ళనుకొని పగలగొట్టినవి దాని గుడ్లని అప్పుడు తెలుస్తుంది. తర్కమే ఊపిరిగా బతికే స్పాక్, పరాయి ప్రాణి వేదన తెలుసుకోవడానికి అందరికన్నా యోగ్యుడుగా అక్కడ నిలుస్తాడు. ఆ కథ రాసింది జీన్ ఎల్. కూన్. లీ క్రోనిన్ అన్న మారుపేరుతో ‘స్పాక్స్ బ్రెయిన్’ రాసిందీ ఆయనే. ఒక కథలో ఇతరుల మనసులోకి వెళ్ళగలిగిన మనిషి, అదే రచయిత మరో కథలో మీటలు నొక్కితే నడిచే బొమ్మ అయ్యాడు. అభిమానిని నొప్పించేది ఈ పతనం. మొదటిసారి చూసేవారికి ఇది కేవలం ఒక వింత కథ. ముందరి కథలు మనసులో ఉన్నవారికి ఇది మాట తప్పడం.

ఇదంతా హాస్యమే అనుకోవచ్చు గదా అన్న సమాధానం ఒకటి ఉంది. 1967 డిసెంబర్‌లో వచ్చిన ‘ద ట్రబుల్ విత్ ట్రిబుల్స్’ పూర్తిగా హాస్యకథ. దాన్ని అభిమానులు ఎంతో ప్రేమించారు. అందులో పాత్రలు తమ స్వభావం వల్లనే నవ్వు పుట్టిస్తాయి. ఇక్కడ నటులు కథను గంభీరంగా నటిస్తుంటే నవ్వు వారిని వెక్కిరిస్తున్నట్టు వస్తుంది. ఈ ఎపిసోడ్ చిత్రీకరణలో తనకు కలిగిన ఇబ్బందిని స్పాక్ పాత్రధారి లెనర్డ్ నిమాయ్ తర్వాత తన ఆత్మకథలో దాచుకోకుండా చెప్పుకున్నాడు. అభిమాని, నటుడు ఇద్దరూ ఒకే చోట ముడుచుకుపోయారంటే, ఆ నొప్పిని మూఢాభిమానమని కొట్టిపారేయలేము.

నవ్వు ఎవరి మీద?

అయితే ఈ అలకకు ఒక గుడ్డితనం కూడా ఉంది. ఈ ఎపిసోడ్ గురించి అభిమానులు ఎక్కువగా చెప్పుకొని నవ్వే ఘట్టం, పాతాళ నగర నాయకురాలు కారా అసలు మెదడంటే ఏమిటని అయోమయంగా అడిగే చోటు. కథ ప్రకారం అక్కడి స్త్రీలకు స్వంత జ్ఞానం లేదు. ఒక యంత్రాన్ని తలకు తగిలించుకుంటే కొద్దిసేపు తెలివి వస్తుంది, తర్వాత పోతుంది. వారి తెలివి పూర్వులు వదిలిన ఎరువు సొమ్ము. వారి నగరం నడవడానికి ఒక మగవాడి మెదడు కావాలి. అభిమాని కథను చూసి నవ్వుతున్నాననుకుంటాడు. నిజానికి కథ ఆ స్త్రీలను చూసి ఏ నవ్వు నవ్విందో దానినే తానూ నవ్వుతున్నాడు.

ఇది చిన్న విషయం కాదు. ‘స్టార్ ట్రెక్’ అభిమానులు నడిపిన తొలి పత్రిక ‘స్పాకనేలియా’ 1967లో వెలువడింది. దాని సంపాదకులిద్దరూ స్త్రీలు. ఉత్తరాల ఉద్యమానికి ముందు నిలిచినదీ ఒక స్త్రీయే. కథను నిలబెట్టిన చదువరులలో, రచయితలలో వారు ముందువరుసలో ఉండగా, వారు కాపాడుకున్న సీజన్ తొలి కథలోనే స్త్రీలకు మెదడన్న మాటకు అర్థం తెలియదు. స్పాక్‌కు జరిగిన అనౌచిత్యాన్ని వెంటనే పట్టుకోగల దృష్టి, కారాకు జరిగినదాన్ని అంత తొందరగా పట్టుకోదు. ఇష్టమైన పాత్ర పక్కన నిలబడి చూడటమే దీనికి కారణం. ఔచిత్యాన్ని కొలిచేవారు ఆ కొలత అన్ని పాత్రలకూ సమానంగా వాడాలి. లేకపోతే అది విమర్శ కాక పక్షపాతం అవుతుంది.

ఇదే ఎపిసోడ్ చివరలో మరో దృశ్యం ఉంది. మెకాయ్ ఆ జ్ఞానయంత్రాన్ని తలకు తగిలించుకొని శస్త్రచికిత్స మొదలుపెడతాడు. సగంలో అరువు తెలివి జారిపోవడం మొదలవుతుంది. అప్పుడతను ముందుగా స్పాక్‌కు మాట తిరిగి వచ్చేలా నరాలు కలుపుతాడు. బల్లమీద పడుకొన్న స్పాక్, తన శస్త్రచికిత్సను తానే, ఎప్పటి నిబ్బరంతో, చెప్పి చేయించుకుంటాడు. తెలివి మరిచిపోవడం ఆ స్త్రీలకు మాత్రమే కాక మెకాయ్ వంటి వైద్యుడికీ జరిగిందన్న సంగతి కథ అక్కడ తెలియకుండానే ఒప్పుకుంటుంది. ఆ కొద్ది నిమిషాలలో స్పాక్ మళ్ళీ స్పాక్ అవుతాడు, మెకాయ్ కారా స్థితిలో నిలబడతాడు. ఎపిసోడ్ తక్కిన భాగం ఆ దారిన నడిచి ఉంటే కథ వేరుగా ఉండేది.

ధారావాహిక 1969 జూన్ 3న ముగిసింది. పునఃప్రసారాలతో కొత్త ప్రేక్షకులు చేరారు. 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానుల పెద్ద సమావేశం జరిగింది. నచ్చిన కథలతోపాటు ఈ కథనూ అభిమానులు వదిలిపెట్టలేదు. దాన్ని మళ్ళీ చూసి మళ్ళీ విసుక్కుంటూనే ఉన్నారు. ఆ విసుగులో ‘స్పాక్ ఇలా ఉండడు’ అన్న మాటతోపాటు ‘కారా కూడా ఇలా ఉండనక్కరలేదు’ అన్న మాట చేరిన రోజున అభిమాని విమర్శ పూర్తవుతుంది.